కన్నమ్మ ముందుకు జరిపిన కొత్త పండుగ

కన్నమ్మకు చెవులు సరిగా వినిపించవు. ముసలాయన జంపయ్య అరుగు మీద కూర్చుని "అన్నం పెట్టవే" అని గొంతు చించుకున్నా పలకదు. అదే పెరట్లో చిక్కుడు పందిరి మీద ఎవరైనా ఒక్క కాయ తుంచారంటే, బోరింగు దగ్గర బిందె తోముతున్నా సరే, "ఎవర్రా అది!" అని కేక వేస్తుంది. ఊళ్లో మనవల వరస పిల్లలు దీన్ని చాలాసార్లు పరీక్షించి చూశారు. ప్రతిసారీ పట్టుబడ్డారు.

టేకులపల్లి దాటి అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో కొత్త పండుగ కాకముందు పెరట్లో కాసింది ఏదీ నోట్లో పెట్టకూడదు. చిక్కుడైనా, గుమ్మడైనా, కందికాయైనా ముందు ఊరి అమ్మవారికి పెట్టాలి. మనుషుల వంతు ఆ తర్వాతే. పండుగ పేరు చెప్పి వదిలిన కోళ్లను కూడా అప్పటిదాకా కోయరు. అమ్మవారి పూజారి జంపయ్య కాబట్టి పండుగ రోజు పెట్టేది అతనే. కాపలా మాత్రం కన్నమ్మది. కొత్త కాకుండా తిన్నవాళ్లకు దారిలో ఎలుగుబంటి ఎదురవుతుందని ఆమె పిల్లలను బెదిరిస్తుంది. ఒక ఏడు జంపయ్యే ఆగలేక లేత కాయ ఒకటి నమిలాడు. కన్నమ్మ అతని చేత నోరు కడిగించింది, ఆ పూట పస్తు పెట్టింది, చాలక అమ్మవారి ముందు గుంజీలు తీయించింది. ఊరి పూజారి చేత గుంజీలు తీయించిన ఆడది ఆ చుట్టుపక్కల ఇంకొకతె లేదు.

చూడటానికి మనిషి గుప్పెడంత ఉంటుంది. ఎండాకాలం ఇప్పపూలు ఏరుతుంది, తునికాకు కోస్తుంది. వానలు పడితే నాట్లకు, ఆ తర్వాత పత్తి ఏరడానికి పోతుంది. ముందుపళ్లు పోయాయి. ఎలా పోయాయని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతుంది. ఆమె అబద్ధమాడదు. నిజాన్ని కాస్త సాగదీస్తుంది, అంతే.

ఆ ఏడు చిక్కుడు విరగకాసింది. ఇంట్లో అంతకంటే పెద్ద సంబరం ఇంకొకటి ఉంది. కోడలు పుష్పలతకు ఐదో నెల. కొడుకు సతీష్ పాల్వంచలో షిఫ్టు పనికి పోతూ అక్కడే గది కిరాయికి తీసుకున్నాడు. సెలవు దొరికినప్పుడే బస్సెక్కి వస్తాడు. అందుకని కోడలిని కనిపెట్టుకుని ఉండే పని మొత్తం కన్నమ్మ నెత్తికెత్తుకుంది. ఎత్తుకున్న పనిని సగం చేసే అలవాటు ఆమెకు లేదు. కడుపుతో ఉన్నామెకు ఏది పడదో ఆమెకు తెలిసినంత ఊళ్లో ఎవరికీ తెలియదు మరి. మునగాకు వేడి. బెల్లం వేడి. నువ్వులు మరీ వేడి. గుడ్డు తింటే పుట్టేవాడికి జుట్టు రాదు. అన్నం ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టం. ఇవన్నీ తీసేస్తే పుష్పలతకు మిగిలింది పలచటి పచ్చిపులుసూ, గుప్పెడు అన్నమూ, అత్త పెట్టే చాయ్. చాయ్‌కి మాత్రం లోటు లేదు. పాలు పోయకుండా ఎర్రగా మరిగించి గ్లాసు నిండా ఇచ్చేది. ఎర్రటిది తాగితే ఎర్రటి రక్తం పడుతుందని కన్నమ్మ లెక్క.

ఒక మధ్యాహ్నం ఆశా వర్కర్ ప్రమీల, పుష్పలతను దవాఖానాలో చూపించి ఇంటికి తీసుకొచ్చింది. ప్రమీల ఆ ఊరి పిల్లే, కన్నమ్మకు చెల్లెలి వరస ఆమె కూతురు. ఎప్పుడూ చాయ్ అడిగి మరీ తాగే మనిషి ఆ రోజు వద్దంది. అప్పుడే కన్నమ్మకు అనుమానం వచ్చింది.

"పెద్దమ్మా, వదినెకు రక్తం ఏడు పాయింట్లే ఉంది" అంది ప్రమీల.

"ఏడంటే తక్కువనా, ఎక్కువనా?"

"పదకొండు ఉండాలె."

"మరి మిగిలిన నాలుగు ఏడబోయినయే?"

"గదే నిన్ను అడుగుతున్న." ప్రమీల పుష్పలత వైపు తిరిగింది. "వదినా, రాత్రి ఏం తిన్నవ్?"

పుష్పలత అత్త మొహం చూసి, నేల చూసి, "బువ్వ" అంది.

"ఏం పెట్టుకొని?"

"పులుసు."

"ఆలుగడ్డ కూర వాసన మా ఇంటిదాక వచ్చిందిగ?"

"మామకు పెట్టిన. అత్తకు పెట్టిన. అయిపోయింది."

"అంటే మా ఇంట్ల కోడలికి తిండి పెడ్తలేరని ఊరంత చాటుతవా ఏందే!" కన్నమ్మ నడుముకు కొంగు చుట్టింది. "వండినామె ఆఖర్న తింటది. నేను తినలేదా? మా అత్త తినలేదా?"

"సరే పెద్దమ్మా, కోపం జేయకు. అంగన్‌వాడీల రోజు గుడ్డు ఇస్తరు. అదన్న తింటున్నవా వదినా?"

పుష్పలత నేల చూసింది. కన్నమ్మ ఇంటి వాసాల వైపు చూసింది. మంచం మీద కునుకు తీస్తున్న జంపయ్య మెల్లగా లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"పెదనాయనా, ఏడికి?" అంది ప్రమీల.

"మేకలు..."

"మేకలు గుంజకే ఉన్నయ్. కూసో."

విషయం బయటపడింది. పుష్పలత గుడ్డును అక్కడ తినకుండా కొంగులో మూట కట్టుకుని తెచ్చేది. అత్త చేతికి ఇచ్చేది. వేడి చేస్తుందని అత్త దాన్ని కోసి, ఉప్పూ కారమూ చల్లి, సాయంత్రం జంపయ్య కల్లు ముంత పక్కన పెట్టేది.

"ఇంతకీ కడుపుతోని ఉన్నది ఎవరు పెదనాయనా? వదినెనా, నువ్వా?"

"నేనేమన్న అడిగి తిన్ననా? పెట్టింది, తిన్న" అన్నాడు జంపయ్య. ఆ మధ్య అతని బుగ్గలకు కొంచెం నునుపు వచ్చిన మాట మాత్రం నిజం.

దవాఖానా గోలీలు వేసుకుంటున్నావా అని అడిగితే, పుష్పలత వేసుకుంటున్నానంది, రోజూ అత్త ఇచ్చే ఎర్ర చాయ్‌తోనే. ప్రమీల నెత్తి కొట్టుకుంది. చాయ్‌తో మింగితే ఆ మందు ఒంటికి పట్టదనీ, అన్నానికీ చాయ్‌కీ నడుమ చాలా ఎడం ఉండాలనీ, గోలీని నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలనీ చెప్పింది. ఎర్ర చాయ్‌కీ ఎర్ర రక్తానికీ ఏ చుట్టరికమూ లేదనేసరికి కన్నమ్మ మొహం మాడిపోయింది.

ప్రమీల పుష్పలత కింది కనురెప్పను వేలితో కిందికి లాగింది. "ఇటు జూడు పెద్దమ్మా."

కన్నమ్మ వంగి చూసింది. కనురెప్ప లోపల ఎరుపన్నది లేదు. పాలిపోయి ఉంది.

మేకలు పెంచే ఇంట్లో ఇది ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. కన్నమ్మ ప్రతి మేకకూ రెప్ప లాగి చూస్తుంది. తెల్లబడితే ఆ మేకకు మందు పోసి, మంచి ఆకు విడిగా వేసి, మిగతావి మూతి పెట్టకుండా పక్కనే కర్ర పట్టుకుని నిలబడుతుంది. ఆమె గుంజ దగ్గరికి పోయి ఒక మేక రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉంది. మళ్లీ వచ్చి కోడలి రెప్ప చూసింది.

"మేకను జూసినట్టు నిన్ను జూడలేదు గదనే" అంది.

"డాక్టరమ్మ వారం వారం సూదులు ఏస్త అన్నది" ప్రమీల గొంతు తగ్గించింది. "నెల నాటికి పెరగకపోతే కొత్తగూడెం పెద్ద దవాఖానల పండబెట్టి రక్తం ఎక్కించుడే. గిట్లనే కాన్పు దాక పోతే పానం మీదికి వస్తది పెద్దమ్మా."

ప్రమీల వెళ్లాక కన్నమ్మ చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. ఆమెకు రామక్క గుర్తొచ్చింది. రామక్క ఆమె సొంత అక్క. కన్నమ్మకు జడలు వేసి, పండ్లు కోసిపెట్టి, తల్లి లేని లోటు తెలియకుండా పెంచింది. అందరూ తిన్నాక కుండ అడుగున మాడిన మెతుకులు గోకుతూ "గిదే రుచి, మీకేం తెలుసు" అని నవ్వేది. మొదటి కాన్పులో సున్నం గోడలాగా తెల్లబడి, ప్రాణం విడిచింది. ఏదో గాలి సోకిందన్నారు. కన్నమ్మ ఇన్నేళ్లూ అదే నమ్మింది. ఇప్పుడు రామక్క కంటే ముందు ఆ మాడు కుండ కళ్లలో మెదిలింది.

మరునాటి నుంచి ఇంట్లో చట్టం మారిపోయింది. గుడ్డు అంగన్‌వాడీలోనే తిని రావాలి, తిన్నట్టు నోరు తెరిచి చూపించాలి. మునగ చెట్టుకు సగం ఆకు లేకుండా పోయింది. బెల్లం, పల్లీలు, సంతలో దొరికిన ఎండు చేపలు అన్నీ పుష్పలత పళ్లెంలోకే. వేడి సంగతి ఏమైందని జంపయ్య అడిగితే, "వేడి నీకు చేస్తది, నోరు మూస్కో" అంది.

వచ్చిన చిక్కల్లా పుష్పలత తినకపోవడం. మామ ఎదురుగా కోడలు తినడం ఆ ఇంట్లో లేదు. పళ్లెం ముందు పెట్టుకుని తల వంచుకుని కూర్చునేది. కన్నమ్మ దానికీ దారి కనిపెట్టింది. కోడలు తినే వేళకు జంపయ్య ఇంటి వెనక మేకల వైపు మొహం పెట్టి కూర్చోవాలి. వెనక్కి తిరగకూడదు, దగ్గకూడదు.

"నా ఇంట్ల నేనే దొంగ లెక్క అయితిని" అన్నాడు జంపయ్య మేకలతో.

"తిన్నదా?" అని కాసేపటికి అతనే అరిచేవాడు. "తిన్నది!" అని కన్నమ్మ అరిచేది. ఆ తర్వాతే అతను లోపలికి వచ్చేవాడు. అలా అతని అన్నం రోజూ చల్లారిపోయేది.

అంతా బాగానే నడుస్తోంది కానీ, ప్రమీల వచ్చిన ప్రతిసారీ ఆ పందిరినీ, పెరట్లో తిరిగే కోళ్లనూ చూసి నిట్టూర్చేది. "పెద్దమ్మా, చిక్కుడు గింజలు, కోడి కార్జం, ఇవి గదా వదినెకు కావాల్సినయ్. ఇంటి ముందల పెట్టుకొని సంతకు ఉరుకుతున్నవ్."

"కొత్త గావాలె" అనేది కన్నమ్మ. అప్పుడు ఆమె గొంతు ఎప్పటిలా ఉండేది కాదు. కొత్త కాకుండా తింటే ఆ కీడు తిన్నవాళ్లకే తగులుతుందని ఆమె నమ్మకం. ఇప్పుడు తినాల్సింది పుష్పలత. సతీష్ ఒక ఆదివారం వచ్చి, టేకులపల్లి సంతలో చిక్కుడు కొనుక్కొస్తానన్నాడు. సంతదైనా చిక్కుడు చిక్కుడే, అమ్మవారు రసీదు చూడదు అని కన్నమ్మ కొట్టిపారేసింది. నియమం తప్పదు. తప్పకుండానే పని కావాలి.

ఆమె జంపయ్య ముందు నిలబడింది. "కొత్త ఎప్పుడు పెడ్తున్నవ్?"

"పత్తి ఏరుడు గానీ. ఊరంత చేన్ల ఉన్నరు. ఇంకో నెల పడ్తది."

"ఈ వారమే పెట్టు."

"నా ఒక్కని చేతుల ఉందా? దూలయ్య ఒప్పుకోవాలె."

దూలయ్య జంపయ్యకు తమ్ముడి వరస, ఊరి పెద్ద. పొట్ట ముందు నడుస్తుంటే వెనక తాను నడిచే మనిషి. ఒకసారి కాదన్నాడంటే ఎద్దులు కట్టి లాగినా మాట కదలదు. కన్నమ్మ సాయంత్రం అతని అరుగు దగ్గరికి వెళ్లింది. నలుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు.

"మరిదీ, అమ్మవారు నాకు కలల వచ్చింది. చిక్కుడుకాయ కావాలె అన్నది."

దూలయ్య కళ్లు చికిలించాడు. "ఆహా. ఏ బాసల మాట్లాడింది వదినే?"

"తిట్ల బాసల. దూలయ్య ఏడ సచ్చిండు, నా పండుగ ఎందుకు ఆపిండు అని తిట్టింది."

అరుగంతా నవ్వులు. దూలయ్య పొట్ట కూడా కదిలింది కానీ తల అడ్డంగా ఊపాడు. "నువ్వు పండుకుంటే నీ గురక మా ఇంటిదాక ఇనపడ్తది. ఆ సప్పుడుకు అమ్మవారు దగ్గరికి రాదు, కల రాదు. పత్తి అయినంకనే కొత్త. పో వదినే."

నవ్వులు ఆగేదాకా కన్నమ్మ కదల్లేదు. తర్వాత అరుగు కింద మెట్టు మీద కూలబడింది.

"అవ్ మరిదీ, కల రాలే. రామక్క యాదికొచ్చింది."

దూలయ్య చేతిలోని చుట్ట ఆగిపోయింది.

"మా పుష్పలతకు రెప్ప తెల్లగ ఉంది. రామక్కకు గట్లనే ఉండెనేమో, మనం ఎవ్వలం జూడలే. గాలి సోకిందన్నరు, ఊకున్నం. తిండి లేక పోయిందని ఇప్పుడు అనిపిస్తున్నది. ఇంట్ల చిక్కుడు ఉంది, కోడి ఉంది. కొత్త గాలేదని నా కోడలికి పెట్టకపోతిని. కొత్త తప్పి పెడితే ఏమైతదోనని భయం. నువ్వే చెప్పు ఏం జేయాల్నో."

రామక్కను పడుకోబెట్టిన మంచాన్ని దవాఖానాకు మోసుకుపోయిన నలుగురిలో దూలయ్య ఒకడు. అప్పుడతనికి మీసం కూడా సరిగా రాలేదు. వాగు దాటేలోపే ఆమె ప్రాణం పోయింది. అతను చుట్ట పక్కన పెట్టాడు.

"చిక్కుడు పండినప్పుడే గదరా కొత్త" అన్నాడు చివరికి, మిగతావాళ్ల మీద కోప్పడుతున్నట్టు. "మన తాతల కాలంల పత్తి ఏడిదిరా? పత్తి కోసం అమ్మవారిని ఆపుడు ఏంది? బుధవారం కొత్త. డప్పోళ్లకు చెప్పుండ్రి."

కన్నమ్మ లేచి కొంగు దులుపుకుంది. "నేను గదే అన్న. అమ్మవారు తిట్టింది అని."

"వదినే, పో ఇంటికి!"

బుధవారం ఊరంతా చేలు మాని వచ్చింది. డప్పులు మోగాయి. ఆడవాళ్లు తడి తలలతో బుట్టల్లో చిక్కుడు, గుమ్మడి, కంది తెచ్చి అమ్మవారి ముందు పోశారు. జంపయ్య కొత్త పంచె కట్టి, ఎప్పుడూ లేనంత గంభీరంగా మొక్కాడు. కోళ్లు తెగాయి. మూడు రాళ్ల పొయ్యిల మీద చిక్కుడు గింజలూ కోడికూరా ఉడుకుతుంటే ఆ వాసనకు పిల్లలు పొయ్యిల చుట్టూ తిరిగారు.

అమ్మవారికి పెట్టాక మొదటి విస్తరి పూజారిది, తర్వాత పెద్దలది, ఆ తర్వాత మగవాళ్లు, పిల్లలు, ఆఖరున ఆడవాళ్లు. నిప్పుల మీద కాల్చిన కార్జం కూడా పూజారికీ పెద్దలకే. అది ఎప్పటి నుంచో వస్తున్న వరస. దూలయ్య విస్తరి వేసి జంపయ్య ముందు పెట్టాడు, మీద కార్జం ముక్కలు పెట్టాడు. జంపయ్య చేయి కడుక్కున్నాడు. ముద్ద కలపబోతూ ఆగి ఆడవాళ్ల వైపు చూశాడు. పెళ్లాం మొహం కనిపించింది. ఆమె నోరు తెరవలేదు, చేయి ఊపలేదు. ఊరు పుట్టాక కన్నమ్మ నోరు మూసుకుని నిలబడటం అదే మొదటిసారి. జంపయ్యకు అదే భయం పుట్టించింది.

అతను విస్తరి రెండు చేతులతో ఎత్తి, మగవాళ్ల వరస దాటి, పుష్పలత ముందు పెట్టాడు.

"అమ్మవారికి పెట్టినం" అన్నాడు అందరికీ వినపడేలా. "కడుపుల బిడ్డను మోస్తున్నామె అమ్మవారి పక్కన కూసునేటామె. ముందు ఆమె తినాలె. నేను అటు తిరుగుత." అని నిజంగానే వెనక్కి తిరిగి నిలబడ్డాడు. అతన్ని చూసి మగవాళ్లంతా ఒక్కొక్కరే తిరిగారు. అడవి వైపు మొహాలు పెట్టి నిలబడ్డ ఆ వరసను చూసి ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. పుష్పలతకు సిగ్గుతోనే నవ్వు వచ్చింది. నవ్వుతూనే కార్జం ముక్క నోట్లో పెట్టుకుంది.

"ఊళ్లె కడుపుతోని ఉన్నోళ్లు ఇంక ఎవలున్నరో ముందుకు రాండ్రి!" అని ప్రమీల కేకేసింది. ఇద్దరు వచ్చారు. వాళ్ల వెనకే దూలయ్య తన పొట్ట నిమురుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"నీకు ఎన్నో నెల మరిదీ?" అంది కన్నమ్మ.

"ఇరవై ఏండ్ల సంది తొమ్మిదో నెలే వదినే. కాన్పు గాదు, పాడు గాదు."

ఆ నవ్వులకు డప్పులు వినిపించలేదు.

నెల గడిచాక దవాఖానాకు పోయేటప్పుడు కన్నమ్మ తానూ వస్తానని ఆటోలో ముందే ఎక్కి కూర్చుంది. పుష్పలత వేలు గుచ్చి రక్తం తీస్తుంటే కళ్లు మూసుకుంది. అమ్మవారిని మొక్కిందో, రామక్కనే మొక్కిందో ఎవరికీ చెప్పలేదు.

"తొమ్మిదిన్నర" అంది డాక్టరమ్మ. "మంచిగ పెరిగింది. రక్తం ఎక్కించే అవసరం లేదు. సూదులు, గోలీలు, తిండి ఇట్లనే నడవనియ్యండి. కాన్పు మాత్రం ఇక్కడనే, దవాఖానాలోనే."

కన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత వెంటనే మామూలైపోయింది. "మా ఇంటి చిక్కుడమ్మా అది. నీ సూదులు గూడ కొంచెం జేసినయేమో గానీ, చిక్కుడే."

"అట్లనే అనుకో" అని డాక్టరమ్మ నవ్వింది.

ఆ ఊపులో కన్నమ్మ తన వేలు చాపింది. "నాది గూడ జూడు. నా కోడలికి తెలవాలె, అత్తకు ఎంత రక్తం ఉందో. అడవి తిండి తిన్న పానం ఇది, పదిహేనుకు తగ్గదు."

వేలు గుచ్చారు. మిషన్ కాసేపు ఆలోచించింది.

"ఎనిమిది" అంది డాక్టరమ్మ.

"మిషన్ ఖరాబైంది" అంది కన్నమ్మ.

"మిషన్ మంచిగనే ఉంది. నువ్వు ఇంట్ల ఎప్పుడు తింటవ్ అవ్వా?"

కన్నమ్మ గుచ్చిన వేలిని కొంగులో దాచుకుంది. కోడలి పళ్లెం నింపడానికి తన ముక్కలు కూడా అందులోనే వేసి, తాను చాయ్ తాగి పడుకుంటున్న సంగతి ఆమెకు తెలుసు. పుష్పలతకు అది అప్పుడే అర్థమైంది. డాక్టరమ్మ అత్త చేతికిచ్చిన గోలీల కవరును ఆమె తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.

బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడ్డప్పుడు పుష్పలత బండి మీద బెల్లం పల్లీపట్టీ కొని అత్త చేతిలో పెట్టింది.

"తిను అత్తా."

"నాకెందుకే, నువ్వు తిను."

"నేను తిన్న. నువ్వు తిను."

"పండ్లు లేవు, నమలరాదు."

"చప్పరించు. ఆటో ఇప్పట్ల రాదు, నేను ఈడనే నిలబడి సూస్త."

కన్నమ్మ అటూ ఇటూ చూసింది. ఆమె కోసం ఎవరూ వెనక్కి తిరిగి నిలబడలేదు. ఆమె పల్లీపట్టీ కొస విరిచి బుగ్గన పెట్టుకుంది.